సోమవారం కుడిచెయ్యి, గురువారం ఎడమచెయ్యి

నేను జీవితమంతా చేసిన పనికి ఇప్పుడు పెద్ద పేరే ఉందట. మొన్న ఒక యువ శిల్పి ఇంటికొచ్చి, నా పాత ఫోటోలు తిరగేసి, "సార్, మీరు హైపర్ రియలిస్టు" అన్నాడు. సంతోషం వేసింది. ఎందుకంటే మా రోజుల్లో ఈ పనికి మా ఆఫీసరుగారు పెట్టిన పేరు "ఓవర్ యాక్షన్". మనిషి బొమ్మ చెయ్యమంటే మెడ మీది పులిపిరితో సహా చేసేవాణ్ణి. "మనిషికి శాంక్షనుంది. పులిపిరికి ఎవరిచ్చారయ్యా శాంక్షను?" అని అడిగేవారాయన.

ఈ దారిలోకి వస్తున్న పిల్లల కోసం నా తప్పొకటి చెబుతాను. ఒప్పులు చెప్పుకుంటే అరపేజీ కూడా నిండదు.

హైదరాబాదులో శిల్పం చదువుకునే రోజుల్లో ప్యారిస్ వెళ్లాలని నాకో కోరిక ఉండేది. నేను వెళ్లలేదు కానీ ప్యారిస్సే నా దగ్గరికొచ్చింది, బస్తాల్లో, ప్లాస్టర్ రూపంలో. డెబ్బైల్లో వరంగల్లులో ఒక ప్రభుత్వ శాఖవారి ప్రదర్శనల విభాగంలో మోడలర్‌గా చేరాను. ఊరూరా తిరిగి రైతులకు చూపించే బొమ్మలు చెయ్యడం ఉద్యోగం. వర్ధన్నపేటలో పెట్టడానికి పత్తి కాయను గుమ్మడికాయంత చేశాను. ఆ కాయను తినే పురుగును లేగదూడంత చేశాను. పురుగు ఒంటి మీది నూగంతా సూదితో నాటాను. మరిపెడ సంతలో ఒక ముసలమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "గింత పురుక్కు మందు ఏం సరిపోతది బిడ్డా, గొడ్డలే తేవాలె" అంది. నా కళకు వచ్చిన మొదటి సమీక్ష అది.

ఎనభైల మొదట్లో మాకు ఫైబర్ గ్లాస్ వచ్చింది. ప్లాస్టర్ అచ్చులో దాన్ని పోస్తే చర్మం మీది గీత గీతా దిగుతుంది. కంపు కూడా అంతే నిజాయితీగా దిగుతుంది. మా షెడ్డు పక్క గదిలోని క్లర్కులు కిటికీలకు మేకులు కొట్టించుకున్నారు. సరిగ్గా అప్పుడే చేనేత ప్రదర్శన ఒకటి ఊళ్లో పెట్టాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. ముఖ్య ఆకర్షణ, గుంట మగ్గం మీద నేస్తున్న నేతగాడి నిలువెత్తు బొమ్మ. కూర్చున్న మనిషిని నిలువెత్తు ఎలా చెయ్యాలో ఉత్తర్వులో లేదు.

నమూనాగా కూర్చోవడానికి నేతగాళ్ల సొసైటీవాళ్లు ఒకాయనను పంపారు. యాభై దాటిన మనిషి. మట్టెవాడ వెనక సందులో ఇల్లు. చిన్నప్పటినుంచీ గుంట మగ్గమే. నేను కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను సారు అనేవాడు. ఎందుకు ఒప్పుకున్నావు కాకా అని మొదటిరోజే అడిగాను. దాపరికం లేకుండా చెప్పాడు.

"మా పోరగాండ్లకు నేత నేర్పనీకి ట్రైనింగ్ సెంటర్ వెడ్తాండ్లు సారు. మాస్టర్ పోస్టు ఒక్కటే. రెండు పేర్లు వోయినయి. ఒకటి నాది, ఒకటి మా బామ్మర్దిది. హైదరాబాద్ కెల్లి డైరెక్టర్ సారు ప్రదర్శనకు వచ్చినప్పుడే ఎవరో ఒకర్ని ఖాయం జేస్తడట. బొమ్మ నాదైతే జర నా దిక్కు సూడడా అని."

"బామ్మర్ది మంచిగ నేస్తడా?"

"నేస్తడు. నాకంటె జోరుగ నేస్తడు. గని వానికి మోకాళ్లు మంచిగున్నయ్. నాయి వోయినయ్. గుంటలకు దిగితే ఎక్కరావు, ఎక్కితే దిగరావు. దవాఖానల డాక్టరు మగ్గం బందువెట్టుమన్నడు. బందువెట్టి ఏం జెయ్యాలె? గీ కొలువొస్తే కుర్చీల కూసుంట."

ఆయనకు కావలసింది ఒక కుర్చీ. నాకు కావలసింది ఒక మహత్తర శిల్పం. మా ఆఫీసరుగారికి కావలసింది గడువులోగా ఏదో ఒకటి.

సోమవారం పని మొదలుపెట్టాం. నాకు తోడు మా విభాగపు పెయింటరు, బోర్డులు రాసే మనిషి, నా ఈడువాడే. మనుషుల రంగు అతనికి తెలిసినంతగా వాళ్ల వాళ్ల తల్లులకు కూడా తెలియదు. కాకాను షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టి, మొహానికి వ్యాజిలిన్ రాసి, ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, ప్లాస్టర్ పూశాం.

"సచ్చినంక జేసేటి పని బతికుండంగనే జేస్తానవేంది సారు?" అన్నాడు, నోరు మూసుకుపోయే ముందు.

మొహం బాగా వచ్చింది. అదే రోజు కుడిచేతికి అచ్చు. "నాడె ఇసిరేటప్పుడు తాడు గుంజుతవు చూడు కాకా, అట్ల పెట్టు" అన్నాను. నాడె అంటే దారం కండెను కడుపులో పెట్టుకుని నిలువుగా పరిచిన పడుగు పోగుల మధ్య నుంచి అటూ ఇటూ పరిగెత్తే కొయ్య. తాడు లాగితే పరిగెడుతుంది. కాకా చెయ్యి పెట్టాడు. కానీ చెయ్యి పెట్టగానే కాళ్లు ఆడటం మొదలయింది. కింద మగ్గం లేదు, తొక్కే కట్టెలు లేవు, అయినా ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. చెయ్యి కదిలి అచ్చు చెదిరింది.

"కాళ్లు కదపకు కాకా."

"నేనేడ కదుపుతాన సారు? అవే కదుల్తానయ్."

చివరికి పెయింటరు నేల మీద కూర్చుని ఆయన రెండు కాళ్లూ కావలించుకుని పట్టుకున్నాడు. "ప్రమోషన్ కోసం గూడ ఎవ్వల కాళ్లు ఇట్ల పట్టుకోలేదన్నా" అని గొణిగాడు. అలా, ఆ పనిలో నిజం చెబుతున్నవి ఆ కాళ్లేనని తెలియక, వాటిని నోరెత్తనివ్వకుండా పట్టుకుని కూర్చున్నాం.

మంగళ, బుధవారాలు కాకా సొసైటీకి బట్ట దింపాలని రాలేదు. గురువారం వచ్చాడు. ఎడమచేతికి అచ్చు. "పేకను కొట్టే చట్రం ఉంటది కదా, దాన్ని దగ్గరికి గుంజినట్టు పెట్టు" అన్నాను. పేక అంటే నాడె అడ్డంగా పరిచిన దారం, దాన్ని కొట్టి బిగించేది ఈ చట్రం. పెట్టాడు. మళ్లీ కాళ్లు, మళ్లీ పెయింటరు.

ఇక కాళ్ల అచ్చు తీయలేదు. గుంట మగ్గంలో నేతగాడి కాళ్లు నేలలో తవ్విన గుంటలో ఉంటాయి, ఎవరికీ కనిపించవు. తొడల దగ్గర ఆపేసి కింద రెండు ఇనుప కడ్డీలు బిగించాను. మిగిలిన కాలాన్నంతా కనిపించే వాటి మీద పెట్టాను. సెలూన్ నుంచి తెచ్చిన జుట్టు ఒక్కొక్క వెంట్రుకా నాటాను. వీపు మీద చెమట కోసం వార్నిష్ చుక్కలు పెట్టాను. గోటి కింద గంజి మరక. కనురెప్ప మీద కురుపు మచ్చ. అంతా అయ్యాక పెయింటరు రెండడుగులు వెనక్కి వేసి, "అన్నా, చాయ్ అడుగుతడేమో" అన్నాడు.

నా ఉద్యోగంలో నేను గర్వంతో ఉన్న రోజులు రెండే. అది మొదటిది. రెండోది ఇంకా రాలేదు.

ప్రదర్శన ఇంకో మూడు రోజులుందనగా, కాకాను వెంటబెట్టుకుని బొమ్మను మైదానానికి తీసుకెళ్లాం. అక్కడ గుంట తవ్వి నిజమైన మగ్గం బిగిస్తున్నారు నలుగురు నేతన్నలు. వాళ్లలో కాకా బావమరిది ఒకడు, నోరున్న మనిషి. బొమ్మను గుంటలోకి దింపి, కుడిచేతికి తాడు, ఎడమచేతి కింద చట్రం అమర్చాం. నేను పక్కకు జరిగి చప్పట్ల కోసం ఎదురుచూశాను.

నలుగురూ మొహం వంక చూడనే లేదు. చేతులు చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత బావమరిది ఎంతో మర్యాదగా, బొమ్మతోనే అన్నాడు.

"ఏం బావా? నాడె ఉరుకంగనే కొడ్తానవా? కొత్త నేర్పా ఏంది?"

మిగిలిన ముగ్గురూ మగ్గం పట్టుకుని నవ్వారు. నాకు అర్థం కాలేదు. పక్కనే ఉన్న అసలు కాకా మొహం మాత్రం నేను పూసిన ప్లాస్టర్ కంటే తెల్లబడింది.

విషయం ఏమిటంటే, నాడె పరిగెత్తేటప్పుడు చట్రం దూరంగా ఉండాలి. నాడె అవతలి ఒడ్డు చేరాకే చట్రాన్ని దగ్గరికి గుంజి పేకను కొట్టాలి. నా బొమ్మ ఒక చేత్తో నాడెను విసురుతూ, అదే క్షణంలో రెండో చేత్తో దాని నెత్తిన కొడుతోంది. నిజంగా అలా చేస్తే నాడె ఇరుక్కుని పడుగు పోగులన్నీ పుటపుట తెగుతాయి. సోమవారంనాటి కుడిచెయ్యి నిజం. గురువారంనాటి ఎడమచెయ్యి నిజం. రెండు నిజాలూ కలిపి నేను ఒక నిలువెత్తు అబద్ధం పోతపోశాను.

"గిదే నేర్పుతవా బావా, సెంటర్ల పోరగాండ్లకు?" అన్నాడు బావమరిది, ఈసారి మనిషితో. "నేర్పు నేర్పు. దారం దుకాణపోళ్లు నీకు దండం వెడ్తరు."

వాళ్లు వెళ్లాక కాకా నా దగ్గరికొచ్చాడు.

"సారు, నా మొఖం తీసెయ్."

"ఎట్ల తీయాలె కాకా?"

"రంపం లేదా?"

"గట్లంటే ఎట్ల?"

"మరెట్లనాలె? ఎల్లుండి అవతల దినం డైరెక్టర్ సారొస్తడు. ఊరు ఊరంత వస్తది. నా మొఖం వెట్టుకొని వీడు గిట్ల నేత్తాండంటే నాకు పోస్టు ఎవడిస్తడు? పోస్టు పోనియ్, రేపు సందుల తలెత్తుకొని తిరుగుతనా? గంత అచ్చం నా లెక్కనే ఎవలు జెయ్యమన్నరు? జర తక్కువ జేస్తే నీ సొమ్మేం వోయేది?"

శిల్పకళ మీద నేను చాలా పుస్తకాలు చదివాను. మరీ బాగా పోలిందని తిట్లు తిన్న శిల్పి ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన క్షణంలో తేల్చేశారు. "ఇందులో ఏముంది? బొమ్మను తీసి ఆయన్నే కూర్చోబెట్టు. కదలకుండా ఉండమను. ఎవరికి తెలుస్తుంది?"

"మగ్గం మీద కూసోని కదలకుంట ఉండుడు నాతోని గాదు సారూ" అన్నాడు కాకా. "కాళ్లు ఆగయ్."

అలా అంటూనే ఏదో గుర్తొచ్చినట్టు వంగి గుంటలోకి చూశాడు. ఇనుప కడ్డీలు కనిపించాయి.

"సారు, కాళ్లేవి?"

"కనబడవు గద కాకా, అందుకే..."

ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. జాలి ఉంది. "నేసేటియి కాళ్లు సారు. చేతులు ఎనుక వోతయ్, గంతే. కాళ్లే లేకుంటే, ఎప్పుడు ఇసరాలె ఎప్పుడు కొట్టాలె అని చేతులకు ఎవలు చెప్తరు?"

ఆ మధ్యాహ్నమే పెయింటరుతో కలిసి ఆయన ఇంటికి వెళ్లాను. జీవితంలో మొదటిసారి మగ్గం గుంటలోకి దిగాను. తలకాయ కట్టెల మధ్య, మోకాళ్లు చెవుల పక్కన. పైన ఆయన నేస్తున్నాడు, కింద నేను చూస్తున్నాను. ఒక కాలు కిందికి పోగానే పోగులు నోరు తెరుస్తాయి, అప్పుడు నాడె పరుగు, తర్వాత దెబ్బ, రెండో కాలు. తాళం తప్పని కచేరీ. నేను ఇన్నాళ్లూ గాయకుడి మొహం చెక్కుతూ కూర్చున్నానన్నమాట, పాట వినకుండా.

అర్థమయింది సరే, అచ్చెలా తీయాలి? నాడె విసిరే క్షణంలో ఆయన ఆగాలి. "ఆగు కాకా!" అని అరుస్తాను. ఆయన పూర్తిగా కొట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఆ, ఆగిన" అంటాడు.

"మధ్యల ఆగాలె."

"మధ్యల ఎట్ల ఆగుత సారు? నువ్వు తుమ్ము మధ్యల ఆగుతవా?"

పదిసార్లు ప్రయత్నించాం. పదిసార్లూ తుమ్ము పూర్తయింది. గుమ్మంలో కూర్చుని కండెలకు నూలు చుడుతున్న కాకా భార్య ఇదంతా చూస్తోంది. చివరికి విసుగొచ్చి, "జర ఉండుండ్లి, నేను ఆపుత" అంది. ఆయన మళ్లీ నేత అందుకున్నాడు. నాలుగు పోగులు పడేదాకా ఊరుకుని, ఐదోదానికి వీధి వైపు తిరిగి పెద్దగా, "దా తమ్మీ దా, ఇంట్లనే ఉన్నడు మీ బావ!" అంది.

కాకా బిగుసుకుపోయాడు. కుడిచెయ్యి తాడు మీద, ఎడమచెయ్యి చట్రాన్ని దూరంగా నెట్టి, ఎడమకాలు అడుగంటా, కుడికాలు గాలిలో.

"పూయుండ్లి!" అంది ఆమె. "మా తమ్ముని పేరింటే గిట్లనే ఐతది ఈయన. ఇరవయ్యేండ్ల సంది సూత్తాన."

వీధిలో ఎవరూ లేరు. పెయింటరు పైన చేతులకూ నేను కింద కాళ్లకూ పూసేశాం. ప్లాస్టర్ గట్టిపడేదాకా ఆమె ఆపలేదు. "ఆడ చెప్పులిడుత్తాండు... కాళ్లు కడుక్కుంటాండు..." అంటూ తమ్ముణ్ణి వాకిట్లోనే నిలబెట్టి ఉంచింది. నేను చూసిన గొప్ప దర్శకుల్లో ఆమె ఒకరు.

మిగిలిన రెండు రోజులూ నేను, పెయింటరు షెడ్డు వదల్లేదు. బొమ్మ చేతులు భుజాల దగ్గర కోసి కొత్తవి అతికించాం. కాళ్లు పోతపోసి కడ్డీలు పీకేశాం. మధ్యలో ఆఫీసరుగారు వచ్చారు.

"కాళ్లెందుకు?"

"గుంటలో ఉండడానికి సార్."

"గుంటలో ఎవరు చూస్తారు? ప్రారంభానికొచ్చే మంత్రిగారు తల దూరుస్తారా? ఇదే, ఇదే నేను చెప్పే ఓవర్ యాక్షన్."

కుడిచేతికి వెంట్రుకలు నాటాను. ఎడమచేతికి సమయం చాలలేదు. ఒక చెయ్యి మగాడిది, ఒక చెయ్యి పసిపిల్లాడిది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ప్రారంభం రోజు ఉదయం మంత్రిగారు వచ్చారు. నేతను చూడడానికి నేతలు పదిమంది వచ్చారు. మంత్రిగారు బొమ్మ ముందు అర నిమిషం నిలబడి, "చెమట బాగుంది" అని ముందుకు సాగారు. ఆఫీసరుగారు నావైపు గెలిచినట్టు చూశారు. ఎవరూ గుంటలో తల దూర్చలేదు.

ఆ తర్వాత నేతన్నలు వచ్చారు, వీధులు వీధులుగా, పెళ్లాంపిల్లలతో. వచ్చినవాడు వచ్చినట్టే మొహం వంక ఒక చూపు చూసి, పంచె ఎగగట్టుకుని, గొంతుక్కూర్చుని గుంటలోకి తొంగిచూశాడు. ఒకడి వెనక ఒకడు. వాళ్ల ఆడవాళ్లు కూడా. దూరం నుంచి చూస్తే అక్కడేదో బావిలో వస్తువు పడిపోయిందని జనం వెతుకుతున్నట్టుంది. అది చూసి హైదరాబాదు నుంచి వచ్చిన డైరెక్టరుగారు ఆగిపోయారు. కాకా బొమ్మ పక్కన ఇస్త్రీ చొక్కాలో చెమటలు కారుస్తూ నిలబడ్డాడు. అవి వార్నిష్‌వి కావు.

అప్పుడే గుంటలోంచి బావమరిది తల లేచింది.

"అరే! ఎడమ కాలు ఏసిండు!" అన్నాడు పదిమందికీ వినబడేటట్టు. "నాడె కుడి దిక్కున్నప్పుడు ఎడమ కాలు ఎట్లేస్తవ్ బావా? కుడి కాలు ఎయ్యాలె."

"మా నాయన ఎడమే ఏసిండు. నేనూ ఎడమే" అన్నాడు కాకా.

"మీ నాయనకు కుడేదో ఎడమేదో తెల్వకపోవచ్చు."

"నోరు సంబాలించుకో. గా ఎడమ కాలే ఇన్నొద్దులు మీ అక్కకు బువ్వ వెట్టింది."

జనం రెండు పక్షాలయ్యారు. కాకా సందువాళ్లు ఎడమ అన్నారు, బావమరిది సందువాళ్లు కుడి అన్నారు. ఒక ముసలాయన ఏకంగా బొమ్మ భుజం మీద చరిచి, "కాలు తియ్యిరా!" అన్నాడు. మా ఆఫీసరుగారు పోలీసుల కోసం చూస్తున్నారు. నేను మాత్రం అలాగే నిలబడిపోయాను. బొమ్మ అచ్చం మనిషిలా ఉందని ఒక్కరూ అనడం లేదు. మనిషితో ఎలా కొట్లాడతారో అలా దానితో కొట్లాడుతున్నారు.

డైరెక్టరుగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "నాకు నేత తెలియదు. ఎడమైతే ఏమిటి, కుడైతే ఏమిటి? కొత్తగా నేర్చుకునే పిల్లాడికి ఏం చెబుతారు?"

కాకా గొంతు సవరించుకున్నాడు. "ఏదైనా ఒకటే సారు, గని మార్చొద్దు. పోరడు బువ్వ తినవోయి వచ్చిండనుకో, ఏ కాలుకాడ ఆపిండో యాదికుండదు. నాడె ఏ దిక్కున్నదో సూసుకోవాలె. కుడి దిక్కుంటే ఎడమ కాలు. ఎడమ దిక్కుంటే కుడి కాలు. నాడెనే చెప్తది. పోగు తప్పదు."

డైరెక్టరుగారు బావమరిది వైపు తిరిగారు. "మీరేం చెబుతారు?"

బావమరిది ఛాతీ విరుచుకున్నాడు. "నేర్పుడు, యాదికి వెట్టుకునుడు మాకు లేదు సారు. మా కాళ్లకే తెలుసు!"

"మీ కాళ్లకు తెలుసు, నిజమే" అన్నారు డైరెక్టరుగారు నవ్వి. "కానీ మీ కాళ్లు వచ్చి క్లాసులో పాఠం చెప్పలేవు కదా. తెలిసింది నోటితో చెప్పగలిగినాయనే మాస్టరు." అని కాకా భుజం తట్టారు.

బావమరిది తన కాళ్ల వైపు చూసుకున్నాడు, అవి తనను మోసం చేసినట్టు. తర్వాత అతనే అందరికంటే ముందు నవ్వాడు. "పో బావా, పోయి కుర్చీల కూసో. మోకాళ్లు నొస్తానయని మా అక్క పానం తీస్తానవట గద."

ప్రదర్శన పది రోజులు నడిచింది. కాకా రోజూ సాయంత్రం వచ్చి బొమ్మ ముందు నిలబడేవాడు. నా పని గురించి మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. చివరి రోజు, సామాను సర్దుతూ, ఇక ఉండబట్టలేక నేనే అడిగాను.

"కాకా, ఇప్పటికన్న చెప్పు. బొమ్మ ఎట్లున్నది?"

ఆయన చేతులు చూశాడు. చట్రం చూశాడు. మోకాళ్లు పట్టుకుని కష్టం మీద కూర్చుని గుంటలోకి కూడా మరోసారి చూసి లేచాడు.

"పనిల తప్పువట్టనీకి లేదు సారు. గని పది దినాలాయె, ఒక్క పోగు గూడ దాటలేదు. గిసొంటోన్ని సొసైటీల ఎన్ని రోజులుంచుకుంటరు?"

ఆ ఏడాది నా పనితీరు మీద మా ఆఫీసరుగారు ఫైల్లో రాసిందీ దాదాపు ఇదే. కాకపోతే ఆయన ఇంగ్లిషులో రాశారు.